గజ్జెల పైడయ్య ఆరు మజిలీలు

బొర్రంపేటలో తవిటమ్మ పిండిమరకు సీలు వేసే వేళకు మర గొంతులో కుంచెడు బియ్యం ఇంకా నలుగుతూనే ఉన్నాయి. అధికారులు కరెంటు ఆపేశారు కాబట్టి ఆ బియ్యం సగం పిండిగానూ సగం నూకగానూ ప్రభుత్వ స్వాధీనంలోకి వెళ్లాయి. గుడ్డ చుట్టి, లక్క కరిగించి, ముద్ర కొట్టి, తలుపు మీద కాగితం అంటించారు. "పూర్వీకుడు లభ్యమగు వరకు ఈ మర మూసివేయడమైనది."

తవిటమ్మ చేసిన నేరం పెద్దదేమీ కాదు. ఆమె దగ్గర పందొమ్మిదో శతాబ్దపు పూర్వీకుడు ఎవరూ లేరు.

ఆ ఏడాది ప్రభుత్వంలో ఒక పెద్దాయన దేశాంతరం వెళ్లి వచ్చాడు. అక్కడ విందుకు పిలిచిన ఇంటాయన గోడ మీద ఏడు తరాల పటాలు వరసగా చూపించి, "మీ ముత్తాతగారు ఏం చేసేవారు?" అని అడిగాడు. పెద్దాయనకు ముత్తాత పేరే తెలియదు. ముందున్న సూపు చల్లారిపోయింది. తిరుగు విమానంలో ఆయన సిగ్గుతో కుమిలిపోయి, ఇంత సిగ్గు తానొక్కడే మోయడం ప్రజాస్వామ్యం అనిపించుకోదని తలచి, దిగీ దిగగానే పూర్వీకుల శాఖను స్థాపించాడు. ఇక మీదట ఏ లైసెన్సు తిరగరాయాలన్నా 1801కీ 1900కీ మధ్య బతికిన ఒక్క పూర్వీకుణ్ణయినా రుజువు చేసి, వంశమూల ధ్రువపత్రం జతపరచాలి. కొట్టుకైనా అంతే, బండికైనా అంతే, సినిమా హాలుకైనా అంతే. కుక్క లైసెన్సుకు కావలసింది యజమాని పూర్వీకుడా, కుక్క పూర్వీకుడా అని అడుగుతూ కింది నుంచి వెళ్లిన ఉత్తరానికి పై నుంచి ఇంకా జవాబు రాలేదు.

సీలు వేసిన రోజున మర ముందు ఇరవై మంది ఆడవాళ్లు నానబోసిన బియ్యం బేసిన్లతో నిలబడి ఉన్నారు. బియ్యం పులిసిపోతాయని గోల పెట్టారు. తవిటమ్మకు యాభై ఎనిమిదేళ్లు. తండ్రి చేతి నుంచి మర పుచ్చుకుని ముప్పై ఏళ్లయింది. ఆ ముప్పై ఏళ్లలో ఆమె చేతి కింద నుంచి పిండి లేకుండా వెనక్కి వెళ్లిన బేసిను లేదు.

"బాబూ, నానేసిన బియ్యానికి తాతలూ ముత్తాతలూ తెలుస్తారేటి?" అని ఆమె సీలు వేసిన బంట్రోతును అడిగింది.

"నాకూ తెల్దు అప్పా. మా తాత పేరు తెలీక నా జీతం కూడా ఆపీసినారు," అన్నాడు బంట్రోతు, లక్క చల్లారేలా ఊదుతూ.

ఆమె మొగుడు ముత్యాలు మర దగ్గర బియ్యం పోసే పని చేస్తాడు. పని లేకపోయేసరికి ఆయన అరుగు మీద కూర్చుని, గాలిలోనే బియ్యం పోస్తున్నట్టు చేతులాడించడం మొదలుపెట్టాడు. అది చూసి తవిటమ్మ చీరకొంగు బిగించి మర్నాడే శాఖ కార్యాలయానికి బయల్దేరింది.

కార్యాలయాన్ని పాత పురుళ్ల ఆసుపత్రిలో పెట్టారు. గోడ మీద "ఇద్దరు చాలు" అన్న రాత సున్నానికి చెరగకపోవడంతో దాని కిందనే "ఏడు తరాలు కావాలి" అని కొత్తగా రాశారు. లోపల సూపరింటెండెంటు విశ్వపతిరావు. ఆయన నెత్తి మీద నిలువెత్తు పటం. అందులో తలపాగా, ముత్యాల హారం, చేతిలో కత్తీ ఉన్న ఒక మహానుభావుడు. అది దివాన్ పదవి వెలగబెట్టిన తమ పూర్వీకుడి పటమని ఆయన వచ్చిన వారందరికీ చెప్పేవాడు. కిందటి నెలలోనే సినిమా బోర్డులు రాసే పెయింటరు చేత వేయించాడు కాబట్టి రంగు ఇంకా కొంచెం అంటుకుంటోంది.

"కూర్చోండి. లేదా నిలబడండి. ఈ విషయంలో శాఖ జోక్యం చేసుకోదు," అన్నాడాయన. అరవైనాలుగు గడులున్న ఫారం తీశాడు. "పూర్వీకుని నామధేయం?"

"గజ్జెల పైడయ్య, బాబూ. మా ముత్తాత."

"ప్రస్తుత చిరునామా?"

"సచ్చిపోయాడు బాబూ."

"శాశ్వత చిరునామా అడగలేదమ్మా. ప్రస్తుత చిరునామా అడిగాను." ఆయన ఆ గడిని ఖాళీగా వదిలి, ఖాళీగా వదిలినందుకు ఒక గుర్తు పెట్టుకున్నాడు. "పూర్వీకుణ్ణి స్వయంగా ఎరిగిన సాక్షులు ఇద్దరు. బంధువులు కాకూడదు."

"నూటయాబయ్యేళ్ల కిందటి మనిషిని ఎరిగినోలు ఇప్పుడెక్కడుంతారు బాబూ?"

"సాక్షుల ఆరోగ్యం వైద్యశాఖ పరిధిలోనిది. వృత్తి?"

"టపా మోసీవోడంట. బల్లేనికి గజ్జెలు కట్టుకుని, సంచీ బుజానేసుకుని అడవిలో పరిగెడితే పులులు పక్కకి తప్పుకునీవంట. మా నాన్నమ్మ సెప్పీది."

విశ్వపతిరావు కలం ఆపాడు. "పులులు తప్పుకున్నట్టు అటవీశాఖ ధ్రువీకరణ ఉందా?"

"లేదు బాబూ."

"అమ్మా, విషయం విస్పష్టంగా చెబుతాను. శాఖ దృష్టిలో రుజువు లేని పూర్వీకుడు పుట్టనట్టే లెక్క. ఆయన పుట్టలేదు కాబట్టి మీ తాతగారు పుట్టలేదు. ఆయన పుట్టలేదు కాబట్టి మీ తండ్రిగారు పుట్టలేదు. ఆ క్రమంలో ఆలోచిస్తే మీరు ఈ గదిలోకి ప్రవేశించడమే నిబంధనలకు విరుద్ధం. అయినా మానవతా దృక్పథంతో మాట్లాడుతున్నాను."

తవిటమ్మ కాసేపు తన చేతుల వంక చూసుకుంది. గోళ్ల సందుల్లో పిండి ఉంది. పుట్టని మనిషి గోళ్లలోకి ఇంత పిండి ఎలా వచ్చిందో అడుగుదామనుకుంది గాని, ఆ పిండికీ ఏదో శాఖ ఉంటుందని ఊరుకుంది.

"మరేటి సెయ్యమంతారు బాబూ?"

"అన్వేషణకు దరఖాస్తు పెట్టుకోండి."

అన్వేషణకు శాఖ జోగినాయుణ్ణి ఇచ్చింది. హోదా వంశాన్వేషకుడు, రెండవ శ్రేణి. అంతకు ముందు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివేవాడు. బక్కపలచని మనిషి, నలభై దాటాయి. ఏ గుమ్మం ముందు నిలబడ్డా అలవాటు చొప్పున గోడ పైకి చూసేవాడు. అయితే పని మీద ప్రేమ ఉన్నవాడు. పాత తపాలా కాగితాలు జిల్లా కేంద్రంలో ఒక గదిలో పడి ఉన్నాయని కనుక్కుని తవిటమ్మను వెంటబెట్టుకెళ్లాడు. అక్కడ చెదపురుగులు చదివి వదిలేసిన కట్టలను పన్నెండు రోజులు విప్పారు. ఆమె దుమ్ము దులిపి ఇచ్చేది, అతడు చదివేవాడు. పదమూడో రోజున జోగినాయుడు చిన్నగా కేక పెట్టాడు.

"అమ్మా! ఉన్నాడు! మీ పైడయ్య పుట్టాడు!"

టపా బంట్రోతుల హాజరు పట్టీ అది. పైడయ్య దారి తాళ్లవలసలో మొదలై గుమ్మడిపాలెం, చింతాడపేట, నక్కలమెట్ట, రేవిడి మీదుగా బొర్రంపేట దాకా ఆరు మజిలీలు. ఆ పట్టీ అంచున అప్పటి దొర ఒక ఫిర్యాదు రాసుకున్నాడు. మున్షీ పక్కనే దాన్ని తెలుగు చేశాడు. జోగినాయుడు గొంతు సవరించుకుని చదివాడు. "ఈ బంట్రోతు టపా వేళకే తెచ్చుచున్నాడు. అయితే ప్రతి మజిలీయందును ఒక ఆడుమనిషి అంబలి ముంతతో ఎదురువచ్చి, మావా అని పిలుచుచున్నది. ఆరు మజిలీలకు ఆరు ముంతలు. విచారించగా ఆరుగురును వేరువేరు మనుషులే."

తవిటమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మ! ఆరు సంసారాలే?"

"పరుగు మీదున్న మనిషి గదమ్మా," అన్నాడు జోగినాయుడు, వెనకేసుకొస్తూ. "ఒకసోట నిలబడితే ఒకటే అయ్యుండును."

అప్పటిదాకా తవిటమ్మకు పైడయ్య అంటే ఒక బల్లెం, రెండు గజ్జెలు, పక్కకు తప్పుకున్న కొన్ని పులులు. ఇప్పుడు అంబలి తాగే మనిషి అయ్యాడు. ఆమెకు తిట్టాలనిపించింది. తిట్టడానికి నోరు తెరిచేసరికి జోగినాయుడు మరో కాగితం తిప్పాడు. అది 1877 నాటిది, కరువు సంవత్సరం. ఈసారి అతడు మెల్లగా చదివాడు.

"టపా సంచితో పాటు అనుమతి లేని బరువు మోసినందుకు మందలింపు. బరువు వివరము: ఆడపిల్ల ఒకటి, వయసు ఆరు, జ్వరము. పేరు నూకాలు. నక్కలమెట్ట నుంచి రేవిడి వైద్యుని వద్దకు. దూరము పదకొండు మైళ్లు."

తవిటమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. ఆమెకు చదవడం అంతంత మాత్రమే. అయినా ఆ పంక్తిని వేలితో మెల్లగా తడిమింది.

"ఒక బుజాన సంచీ, ఒక బుజాన గుంటా," అంది. "మరి పిల్ల బతికిందా బాబూ?"

"టపా సకాలంలో చేరింది అని రాసుంది. అంతే."

ఆమె తిట్టు మింగేసింది. ఇంటికి వెళ్లి ఆ సంగతి ముత్యాలుకు చెబితే ఆయన కూడా గాలిలో బియ్యం పోయడం ఆపి విన్నాడు.

పైడయ్య దొరికాడు కాబట్టి మర తెరుస్తారని తవిటమ్మ అనుకుంది. కాని శాఖ నియమాల ప్రకారం పూర్వీకుడు దొరికితే చాలదు, ఆయన సంతానమంతా పట్టికకెక్కాలి. ఎవరి పూర్వీకుణ్ణి ఎవరు వాడుకుంటున్నారో తేలకపోతే ఒకే తాతను పదిమంది చూపించి లైసెన్సులు పుచ్చుకునే ప్రమాదం ఉంది. ఆడపిల్లల సంతానమని తేడా చూపడం రాజ్యాంగ స్ఫూర్తికి విరుద్ధం కాబట్టి వాళ్లనూ కలపాలి. జోగినాయుడు ఆరు ఊళ్లూ తిరిగాడు. కాగితం చాలక పెళ్లి షామియానా గుడ్డ ఒకటి తెప్పించి, ఆసుపత్రి వరండాలో పరిచి, దాని మీద మోకాళ్లతో పాకుతూ వంశవృక్షం గీశాడు. నెల గడిచేసరికి వృక్షం మెట్లు దిగి వీధిలోకి వచ్చింది.

ఒక మధ్యాహ్నం అతడు గుమ్మడిపాలెం కొమ్మ దగ్గర గీస్తూ గీస్తూ ఆగిపోయాడు. కిందికి చూశాడు. పైకి చూశాడు. వెళ్లి తవిటమ్మ కాళ్లకు దండం పెట్టాడు.

"పిన్నీ!" అన్నాడు.

"ఏటి బాబూ, ఎండ తగిలిందేటి?"

"లేదు పిన్నీ. ఈ కొమ్మ సివర నేనే ఉన్నాను. మీరు నాకు పిన్ని వరస." తర్వాత నెత్తి గోక్కున్నాడు. "ఇంకో మాట. సెప్పకపోతే డ్యూటీ తప్పినట్టవుద్ది. చింతాడపేట కొమ్మ సివర ముత్యాలు ఉన్నాడు. రికార్డు ప్రకారం మీకు మనవడి వరస."

వాళ్ల పెళ్లై ముప్పై ఆరేళ్లు. తవిటమ్మ ఆఖరి సంసారపు ఆఖరి కొడుకు తాలూకు మనిషి కావడంతో తరాల లెక్కలో అందరికన్నా పైన నిలిచింది. మిగతావాళ్లు ఇరవయ్యో యేటికే పిల్లల్ని కని గబగబా కిందికి జారిపోయారు. ఆ రోజు రాగి అంబలి పోస్తుంటే ముత్యాలు మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

"ఉల్లిపాయ ముక్కెయ్యవా నాన్నమ్మా?" అన్నాడు.

"నోర్ముయ్. ప్రభుత్వం సెప్పిందని పిచ్చేసాలెయ్యకు."

"ఏటి సేస్తాం? పెద్దోలు కొట్టినా తిట్టినా పడాల," అని ముత్యాలు నిట్టూర్చాడు. ఆ తర్వాత కొన్నాళ్లు ఆయన ఏ పని చెప్పినా చిన్నపిల్లవాణ్ణని చెప్పి తప్పించుకున్నాడు.

శాఖలో పద్నాలుగో నియమం ఒకటుంది. ఏ ఉద్యోగీ తన బంధువు ఫైలును ముట్టుకోరాదు. జోగినాయుడు ఫైలును పక్క గుమాస్తాకు ఇచ్చాడు. అతడు రేవిడి కొమ్మ. అతడు మరో గుమాస్తాకు ఇచ్చాడు. ఆయన తాళ్లవలస కొమ్మ. ఇలా తిరిగి తిరిగి ఫైలు విశ్వపతిరావు బల్ల మీదకు చేరింది.

"నాకు అటువంటి ఇబ్బంది లేదు. మాది దివాన్ల వంశం," అన్నాడాయన, పటం వైపు చెయ్యి చూపిస్తూ.

జోగినాయుడు చేతులు కట్టుకున్నాడు. "సార్, దివాన్ కాదండి. దివాణంలో గుర్రాలకి దాణా పెట్టీవోడు, అప్పన్నని. మీ ఇంట్లో తరతరాలుగా సెప్పుకుంటా సెప్పుకుంటా రాగా ముందు గుర్రాలు పోయాయి, తర్వాత దాణా పోయింది, ఆఖరికి దివాణంలో 'ణంలో' కూడా అరిగి 'న్' మిగిలింది. ఆ అప్పన్న పెళ్లాం నక్కలమెట్ట పిల్ల, నూకాలు. పైడయ్య కూతురు."

తవిటమ్మ గోడకు ఆనుకుని వింటోంది. నూకాలు పేరు వినగానే ఆమె చటుక్కున నిటారుగా నిలబడింది. "బతికిందే! గుంట బతికిందే!" అని పెద్దగా అంది. ఆ మాటకు అర్థం అక్కడ జోగినాయుడికి తప్ప ఎవరికీ తెలియలేదు.

విశ్వపతిరావు షామియానా గుడ్డ మీద తన పేరు దాకా నడిచి వెళ్లి, వంగి చూసి, తిరిగి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. లెక్క తప్పు లేదు. తవిటమ్మ ఆయనకు తాతమ్మ. బంధుత్వం రుజువైన పెద్దలను వరస పెట్టే పిలవాలని శాఖ తానే జారీ చేసిన ఉత్తర్వు ఒకటి ఉంది. దాని మీద సంతకం ఆయనదే. ఆ సాయంత్రం తవిటమ్మకు ఒక ఉత్తరం అందింది. "గౌరవనీయులైన తాతమ్మగారికి, మీ మునిమనవడును మరియు సూపరింటెండెంటును అగు విశ్వపతిరావు నమస్కరించి తెలియజేయునది. పద్నాలుగో నియమం ప్రకారం మీ ఫైలును నేను ముట్టరాదు గనుక పై కార్యాలయానికి పంపడమైనది. మీ ఆరోగ్యం జాగ్రత్త."

పై కార్యాలయంలో పెద్ద అధికారి గుమ్మడిపాలెం అల్లుడి మనవడని తేలింది. ఇంకా పైన ఉన్నాయన రేవిడి. జోగినాయుడి లెక్క ఎనిమిది వేల ఆరువందల నలభై మంది దగ్గర ఆగింది. జిల్లాలో ఫైళ్లు ముట్టుకోగలిగిన ప్రతివాడూ పైడయ్య సంతానమే. చివరికి ఏ సంబంధమూ లేని అధికారిని దూరంగా రాయలసీమ నుంచి ప్రత్యేకంగా రప్పించారు. ఆయన వచ్చి, కాఫీ తాగి, ఫైలు తెరిచి, "మా ఆవిడది చింతాడపేట గదా," అని గుర్తొచ్చి మూసేసి, సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు.

తవిటమ్మ మర తలుపు ముందు రోజూ ఊడ్చి నీళ్లు చల్లేది. బొర్రంపేటవాళ్లు పిండి కోసం ఆమడ దూరం పోయేవారు. కొన్నాళ్లకు ఆమడ దూరంలోని మరకూ సీలు పడింది. జనం రోకళ్లు తీశారు. వీధంతా దడదడలాడుతుంటే ముత్యాలు చెవులు మూసుకుని కూర్చునేవాడు.

అంతలో తాళ్లవలసలో తొంభై నాలుగేళ్ల ముసలాయన ఒకడు పోయాడు. పెద్ద వయసు, సుఖమైన చావు, ఎవరికీ ఏ బాధా లేదు. అయితే ఆయన పైడయ్య మునిమనవడి కొడుకు. జ్ఞాతి పోతే పది రోజులు మైల. శాఖ నాలుగు రోజులు తర్జనభర్జన పడి, పట్టికలో ఉన్న ఉద్యోగులంతా మైల పాటించవలసిందేనని ఉత్తర్వు ఇచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసు, కరెంటు ఆఫీసు, ట్రెజరీ, బడులు మూతపడ్డాయి. గుమాస్తాలు గడ్డాలు పెంచి అరుగుల మీద కూర్చున్నారు. తొమ్మిదో రోజున రేవిడిలో ఒకామె పోయింది. మళ్లీ పది రోజులు. అది తీరక ముందే గుమ్మడిపాలెంలో ఇంకొకరు. ఎనిమిది వేల ఆరువందల నలభై మంది ఉన్న ఇంట్లో వారానికి ఒకరైనా పోకుండా ఉండరు. మూడు నెలల పాటు జిల్లాకు మైల వదల్లేదు. పెళ్లిళ్లు ఆగిపోయాయి. క్షవరాలు లేక మంగలి దుకాణాలవాళ్లు చీట్లాటలో పడ్డారు. ఊళ్లో ఎవరైనా దగ్గితే ఆరోగ్యం ఎలా ఉందని అడగకముందే అతడు ఏ కొమ్మో అడిగేవారు.

తవిటమ్మ కార్యాలయానికి వెళ్లి కిటికీలోంచి అడిగింది. లోపల విశ్వపతిరావు ఛాతీ దాకా గడ్డంతో నేల మీద చాప వేసుకుని ఉన్నాడు. ఆయన వెనక పటం గోడ వైపు తిరిగి ఉంది.

"నా మర సంగతేటి బాబూ?"

"మైలలో ప్రభుత్వ ముద్ర ముట్టకూడదు తాతమ్మా."

"ఎప్పుడు తీరుద్ది?"

"పట్టికలో చివరి మనిషి పోయిన పదకొండో రోజున," అన్నాడాయన దీనంగా. "అప్పటికి మనమూ ఉండం."

దీనికి దారి చూపినవాడు శాఖా పురోహితుడు. కాంట్రాక్టు పద్ధతి మీద ఉన్నవాడు కాబట్టి పట్టికలో లేడు. ఆయన పంచాంగమూ నియమావళీ పక్కపక్కన పెట్టుకుని ఒక అభిప్రాయం రాసిచ్చాడు. అందులో చెప్పిందేమిటంటే, మూలపురుషుడైన పైడయ్యకు కర్మకాండ జరిగినట్టు ఎక్కడా ధ్రువపత్రం లేదు. మూలానికే మైల తీరనప్పుడు కొమ్మలకు ఎలా తీరుతుంది? కనుక వారసులందరూ ఒకే రోజున గెడ్డ ఒడ్డున పైడయ్యకు పిండం పెట్టాలి. అంతటితో ఇప్పటి మైలా, రాబోయే మైలా కలిపి చెల్లు. ఇంతమందికి అన్నం వండడం సాధ్యం కాదు కనుక పచ్చి పిండితో పెట్టవచ్చు. ఎవరి బియ్యం వారే తెచ్చుకోవాలి.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పై నుంచి వెంటనే అనుమతి వచ్చింది. అయితే అలవాటు పోక చివర ఒక వాక్యం చేర్చారు. పిండి, పూర్వీకుడు రుజువైన మరలో ఆడినదై ఉండాలి. జిల్లాలో నాలుగువందల పన్నెండు మరలు మూతపడి ఉన్నాయి. పూర్వీకుడు రుజువైన మర ఒక్కటే.

విశ్వపతిరావు కాలినడకన తవిటమ్మ ఇంటికి వచ్చాడు. జోగినాయుడు వెనకాల లక్క ముద్ర ఉన్న పెట్టె పట్టుకుని, దాన్ని ముట్టుకోనట్టు కనిపించడానికి గుడ్డ అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"తాతమ్మా, మైలలో ఉన్న ఉద్యోగి సీలు విప్పకూడదు. ఉద్యోగి కానివాడు ఎప్పుడూ విప్పకూడదు. కానీ వంశంలో అందరికన్నా పెద్దతరం మనిషి నోటిమాటగా చెప్పి, సొంత చేత్తో విప్పితే శాఖ చూడనట్టు ఉండగలదు. ఉభయతారకంగా ఉంటుంది."

తవిటమ్మ సుత్తి తెచ్చుకుంది. తెచ్చి చేతిలో పట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

"ఇప్పుతాను. దానికి ముందు మా ముత్తాత మీదున్న మందలింపు కొట్టెయ్యాల."

"ఏ మందలింపు?"

జోగినాయుడు నకలు అందించాడు. విశ్వపతిరావు చదివి తల అడ్డంగా ఊపాడు. "ఇది 1877 నాటిది. అప్పీలు గడువు ముప్పై రోజులు. అదీగాక మందలింపులో తప్పు లేదు. అనుమతి లేని బరువు మోయడం నేటికీ నిబంధనలకు విరుద్ధమే."

"ఆ బరువు పేరు సదువు."

"నూకాలు," అని చదివాడాయన. తర్వాత మళ్లీ చదివాడు.

"ఆయన ఆవేళ రూలు సూసుకుని గుంటని దింపీసుంటే, గుర్రాల అప్పన్నకి పెళ్లాం లేదు," అంది తవిటమ్మ. గొంతు పెంచలేదు. "అప్పన్నకి పిల్లల్లేరు. నీ కుర్సీలో నువ్వు లేవు. పుట్టనోల సంగతి నువ్వే నాకు సెప్పినావు కదా నాయనా. పదకొండు మైళ్లు ఆ మనిషి మోసింది నిన్ను."

విశ్వపతిరావుకు ఏ నియమమూ గుర్తు రాలేదు. ఉద్యోగంలో చేరాక అలా కావడం అదే మొదటిసారి. గడ్డం సవరించుకున్నాడు. తర్వాత మెట్టు మీద ఆమె పక్కనే కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాడు. రాసింది పైకి చదివాడు. "1877 నాటి మందలింపు రద్దు చేయడమైనది. సదరు ఆడపిల్లను అధికారిక టపాగా పరిగణించి, అట్టి టపా గమ్యమునకు క్షేమముగా చేరినట్టు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

"పుచ్చుకున్నోల సంతకం ఉండాల గదండీ, టపా అన్నాక," అని గుర్తు చేశాడు జోగినాయుడు.

విశ్వపతిరావు ఆ గడిలో తన పేరు రాసి సంతకం చేశాడు. కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుని, తుడిచింది అద్దాలనే అన్నట్టు మళ్లీ పెట్టుకున్నాడు.

తవిటమ్మ ఒక్క దెబ్బ వేసింది. లక్క ముక్కలై రాలింది. లోపలికి వెళ్లి, మర గొంతులో బూజు పట్టిన ప్రభుత్వ బియ్యాన్ని చేత్తో తోడి పారబోసి, బెల్టు తడిమి, స్విచ్చి వేసింది. మర రెండుసార్లు దగ్గి అందుకుంది. ముత్యాలు అరుగు మీంచి ఒక్క గంతేశాడు. ఆయన పెద్దవాడై చాలా రోజులైందన్న సంగతి అప్పుడు అందరికీ తెలిసింది.

మర్నాడు తెల్లవారేసరికి మర ముందు జనం. తాళ్లవలస నుంచి లారీల్లో వచ్చారు, రేవిడి నుంచి ఆటోల్లో వచ్చారు. గుమాస్తాలు, కరెంటువాళ్లు, టీచర్లు, పై కార్యాలయాల అధికారులు, అందరికీ గడ్డాలు, అందరి చేతుల్లోనూ బియ్యం. స్టీలు క్యారేజీలు, ప్లాస్టిక్ బకెట్లు, ఒకాయన దగ్గర ఆఫీసు చెత్తబుట్ట. తవిటమ్మ తలకు గుడ్డ చుట్టుకుని ఒక్కొక్కరి గిన్నే అందుకుంటోంది. పిండి పొగలో ఆమె కనుబొమలు తెల్లబడ్డాయి.

పొద్దు ఎక్కాక విశ్వపతిరావు బేసిను చంకన పెట్టుకుని, జనాన్ని తోసుకుంటూ నేరుగా మర గుమ్మం దాకా వచ్చాడు.

"తాతమ్మా, నాది కొంచెం ముందు కానిస్తారా? శాఖ తరఫున గెడ్డ ఒడ్డున ఏర్పాట్లు పర్యవేక్షించాలి. పైగా మనకు వరస ఉంది కదా."

తవిటమ్మ మర చప్పుడు మీదుగా అరిచింది. "ఇక్కడున్నోలందరికీ వరస ఉంది నాయనా! అందుకే వరసలో నిలబడినారు. ఎనక్కెల్లు!"

నవ్వులు లేచాయి. విశ్వపతిరావు ఎవరి మీదైనా చర్య తీసుకోవచ్చునేమో అని చుట్టూ చూశాడు. అన్నీ గడ్డాలే, ఎవరు ఎవరో పోల్చుకోవడం కుదరలేదు. బేసిను నెత్తి మీదకు మార్చుకుని వెనక్కి నడిచాడు. వరస పాత పురుళ్ల ఆసుపత్రి దాటింది, సినిమా హాలు దాటింది, గెడ్డ వంతెన మీదుగా అవతలి గట్టు దాకా పోయింది. చిట్టచివర చేతిసంచిలో నాలుగు సోలల బియ్యంతో ఒక ముసలి రైతు నిలబడి ఉన్నాడు. విశ్వపతిరావు వెళ్లి ఆయన వెనక నిలబడ్డాడు.

ముసలాయన తిరిగి ఎగాదిగా చూశాడు.

"మరి నువ్వు నాకేటవుతావు బాబూ?" అని అడిగాడు.